బాప్తిస్మం తేదీ
(పదకొండో భాగం)

"పొయ్యి ముట్టియ్య. నాకు బువ్వ వద్దు, నీకూ వద్దు," అంది శారమ్మ.

ఆ ఇంట్లో పొయ్యి రాజక అది మూడో రోజు. బోర్డింగు వంటశాల నుంచి పొద్దున్నే వచ్చిన గోధుమరవ్వ గిన్నె మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది.

హెడ్‌మాస్టరు హనోకు భార్య వైపు చూడలేదు. బల్ల మీద తన ముందున్న లావుపాటి పుస్తకాన్నే చూస్తున్నాడు. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు చిరిగిపోయాయి. హార్పర్ మిషన్ బాలుర ఉన్నత పాఠశాల, నిజామాబాదు. ప్రవేశాల రిజిస్టరు. ఆయన వేలు నాలుగు వందల పన్నెండో వరుస మీద ఆగి ఉంది.

ముత్యం. తండ్రి దేవయ్య, కోటగిరి. చేరినది జూన్ 1955. పుట్టిన తేదీ 6 నవంబరు 1949.

రాత ఆయనదే. పదేళ్లయినా సిరా వెలిసిపోలేదు.

"ఎన్నిమాట్ల చూస్తవు దాన్ని? చూస్తె మారుతదా?"

"మారదు. అదే కద బాధ."

"బాధ నీకా? పిలగాడు సబ్‌జైల్ల కూసుండి తొమ్మిది దినాలాయె. కింద పండుకుంటున్నడు. బాధ నీకా?"



తొమ్మిది రోజుల కిందట ఫుట్‌బాల్ ఫైనలు ముగిసిన అరగంటకు, మైదానం పక్కన చెరుకు బండి దగ్గర రెండు జట్ల పిల్లలు గొడవ పడ్డారు. ఏటా పడే గొడవే. మిషన్ బడి పిల్లలను, వాళ్లకు పంచే పాలపిండి పేరుతో "పాలపిండి పోరలు" అని అవతలివాళ్లు వెక్కిరించడం, వీళ్లు మీద పడడం కొత్తేమీ కాదు. ఈసారి అవతలి జట్టులోని దత్తు అనే కుర్రాడు ముత్యం తల్లి మీద ఒక మాట ఎక్కువ అన్నాడు. "మీ అవ్వ మా చేన్ల చెరుకు కొడ్తది, నువ్వు ఈడ బాలు తంతవారా?" అన్నాడు.

ముత్యం చేతిలో సగం కొరికిన చెరుకుగడ ఉంది. ఒక్కసారే తిప్పి కొట్టాడు. చీలిన గడ కొస దత్తు కుడికంట్లో దిగింది.

కన్ను పోయింది.

దత్తు తండ్రి బాపురావు. కోటగిరి కాలువ కింద చెరుకు వేసేవాళ్లలో అందరికన్నా పెద్ద ఆసామి. కేసు వెనక్కి తీసుకునే మనిషి కాదు.

ఇప్పుడు అంతా ఒక్క సంగతి మీద ఆగింది. ముత్యానికి పదహారేళ్లు నిండాయా, లేదా? నిండకపోతే వాడు చట్టం ప్రకారం బాలుడు. మందలించి, హెడ్‌మాస్టరు పూచీ మీద ఇంటికి పంపవచ్చు. నిండితే జైలే. ఎముకలు పరీక్షించిన డాక్టరు "పదిహేనుకీ పద్దెనిమిదికీ మధ్య" అని రాసి తప్పుకున్నాడు. ఇక మిగిలింది ఈ రిజిస్టరు. దీని ప్రకారం ముత్యానికి ఈ ఫిబ్రవరికి పదిహేనేళ్ల మూడు నెలలు.

కానీ ఆ తేదీ ముత్యం పుట్టిన తేదీ కాదని ఈ భూమ్మీద హనోకుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

హార్పర్ దొర రోజుల నాటి అలవాటు అది. పల్లెల నుంచి తండ్రులు పిల్లలను తెచ్చి బోర్డింగులో వదిలేవాళ్లు. ఎప్పుడు పుట్టాడని అడిగితే మక్క కంకులు పాలు పోసుకునే దినాలనో, మా బర్రె ఈనిన వారమనో చెప్పేవాళ్లు. దొర విసిగిపోయాడు. ఒకరోజు అప్పటి గుమాస్తాను పిలిచి, బాప్తిస్మం తేదీ వెయ్యమన్నాడు. విశ్వాసికి అదే కదా కొత్త పుట్టుక అన్నాడు. అది ఒక్కటే కాగితం మీద ఉన్న తేదీ అని కూడా అన్నాడు. అప్పటి నుంచి బోర్డింగు పిల్లలందరూ బాప్తిస్మం నాడే పుట్టారు. దొర దేశం వెళ్లిపోయినా, ఆ బోర్డింగులోనే చదివి గుమాస్తాగా చేరిన హనోకు పంతులై, హెడ్‌మాస్టరైనా, ఆ అలవాటు పోలేదు.

చంటిబిడ్డకు బాప్తిస్మం ఇస్తే తేడా నెలల్లో ఉంటుంది. ముత్యం సంగతి అలా కాదు. కోటగిరిలో ఆ ఆదివారం హనోకు ఉన్నాడు. దేవయ్య కొడుకు ఎవరి చంకా ఎక్కకుండా తన కాళ్ల మీద తాను నడిచి పాస్టరు ముందుకు వచ్చాడు. నీళ్లు నెత్తిన పడగానే "సల్లగున్నయి" అన్నాడు. అందరూ నవ్వారు. రెండున్నరేళ్లకు తక్కువ లేడు.

అంటే ఇప్పుడు పదిహేడు దాటాయి.

"నువ్వు అబద్ధం చెప్పకు," అంది శారమ్మ. గొంతు ఒక్కసారిగా తగ్గింది. ఆమె గొంతు తగ్గితేనే హనోకుకు భయం. "నిన్ను ఎవ్వలు అబద్ధం చెప్పుమన్నరు? వకీలు సాబు అడుగుతడు, పుస్తకంల ఏమున్నదని. ఉన్నది చదువు. రాసింది చదివితే పాపమా?"

"రాసినోన్ని నేను."

"ఎవ్వలడిగిండ్రు రాసినోన్ని?"

"బైబిలు మీద చెయ్యి పెట్టాలె శారా."

"పెట్టు! ముప్పై ఏండ్ల సంది పెట్టుకుంటనే ఉన్నవు. ఒక్కనాడన్న ఆ పుస్తకం నీకు కొడుకును ఇచ్చిందా? కొడుకునిచ్చింది కోటగిరి ఆమె. రెండో జమాత్‌ల జరం వచ్చి బోర్డింగుల మూల్గుతుంటే నేను ఎత్తుకొచ్చిన. ఈ అర్రల పండవెట్టిన. 'అమ్మా' అన్నడు నన్ను. గా మాటకు ఏం తేదీ రాస్తవు, హెడ్‌మాస్టరు సార్?"

హనోకు రిజిస్టరు మూసేశాడు.

"ఇంకోటి," అంది శారమ్మ. "రేపు లక్ష్మవ్వ కోర్టుకు రావద్దు. రావద్దని కబురు పంపిన. ఎడ్డి మనిషి. ఉమర్ ఎంతమ్మా అంటే ఉన్నది ఉన్నట్టు కక్కుతది."

"కన్నతల్లిని రావద్దన్నవా?"

"అన్న! నేను చెడ్డదాన్నే. రాసుకో పో, గది కూడ రిజిస్టర్ల రాసుకో!"

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

సాయంత్రం ప్రార్థన గంట కొట్టకముందే బంగళా ముందు జీపు ఆగింది.

దిగినవాడు బాపురావు. తెల్ల ధోవతి, నల్లకోటు. తొమ్మిది రోజుల్లో మనిషి పదేళ్లు ముసలివాడయ్యాడు. మైదానంలో ఆడుకుంటున్న బోర్డింగు పిల్లలు ఆయనను చూసి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

హనోకు ఎదురు వెళ్లాడు. ఇద్దరూ ఒకే వయసువాళ్లు. ఇదే బడిలో, ఇదే వరండా చివరి గదిలో, ఒకే బెంచీ మీద ఆరేళ్లు కూర్చున్నారు. ఒకడు బోర్డింగు పిల్లవాడు, ఇంకొకడు పట్నంలో చుట్టాలింట ఉండి రోజూ ఎడ్లబండిలో వచ్చే పటేలు బిడ్డ.

"కూసో బాపూరావ్."

"కూసుండ."

"దత్తు ఎట్లున్నడు?"

"రెండో కన్ను దక్కుతదన్నరు. ఎడమ దిక్కు ఎవరన్న నిలబడితెనే గుర్తు పడ్తున్నడు. కుడి దిక్కు నుంచి వాళ్లమ్మ పిలిస్తే ఉలిక్కిపడ్తున్నడు." బాపురావు గొంతు సవరించుకున్నాడు. "వాడు అనరాని మాట అన్నడు. నాకు తెలుసు. దానికి చెంపదెబ్బ కొడ్తే నేనే ఇంకోటి కొడుదు. కన్ను తీస్తరా?"

హనోకు తల దించుకున్నాడు.

తలుపు చప్పుడైంది. శారమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపలికి పోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

"వదినె మూడు దినాల సంది తింటలేదట. ఊరంత అనుకుంటున్నరు," అన్నాడు బాపురావు ఆమె వైపు చూడకుండానే. "మా ఇంట్ల కూడ పొయ్యి అంతంతే."

"మీ పిలగాడు ఇంట్ల ఉన్నడు పటేలా," అంది శారమ్మ. "నా పిలగాడు కటకటాల ఎనుక ఉన్నడు."

బాపురావు ఆ మాటను మింగాడు. హనోకు వైపు తిరిగాడు.

"రేపు నువ్వు రిజిస్టరు తెస్తున్నవట."

"కోర్టు తెమ్మన్నది."

"నాకు యాదికున్నది హనోకు. ఐదో జమాత్‌ల ఉన్నప్పుడు ఒక్కదినం దొర నీ నోట్ల బెల్లంగడ్డ పెట్టిండు. పుట్టినరోజన్నడు. మరి పోయిన నెల మీ అవ్వ వచ్చి వేరే దినం చెప్పె గదా అని నేను అడిగిన. నువ్వేమన్నవు? 'మేం రెండుసార్లు పుడ్తం, రెండోదే రాస్తరు' అన్నవు. యాడాది పొడుగునా నవ్విన నేను. నిన్ను రెండు పుట్కలోడు అని పిలిచిన."

శారమ్మ చెయ్యి గోడ మీద బిగుసుకుంది.

"మా వకీలుకు చెప్పలే," అన్నాడు బాపురావు. "చెప్ప కూడ. నీ మీద గవాయిని తేను. నువ్వే చెప్పాలె. చిన్నప్పటి సంది నా ఇంట్ల, మా నాయిన, మా తాత, అందరు ఒక్కటే మాట అన్నరు. మిషన్ బడి పంతులు అబద్ధమాడడు. గందుకే నన్ను గీడ చేర్చిండ్రు. గందుకే నా కొడుకును... నా కొడుకును గీడ చేర్చకుండ తప్పు చేసిన, గది వేరే సంగతి." ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "నాకు ఆ పోరడు జైల్ల కుళ్లాలని లేదు. నా కొడుకు కన్ను పోయిన దినం ఎవడో ఒకడు నిజం చెప్పిండని తెలిస్తె చాలు."

"బాపూరావ్..."

"ఇంకేమనకు. రేపు అను."

ఆయన నీళ్లు ముట్టకుండా వెళ్లిపోయాడు. జీపు గేటు దాటేదాకా శారమ్మ కదల్లేదు.

"చూసినవా?" అంది చివరికి. "కొట్టలే. తిట్టలే. నీ గొంతుకు తాడు కట్టి పోయిండు."

మర్నాడు పది గంటలకే కోర్టు ఆవరణ నిండిపోయింది. బోధన్ వైపు నుంచి వచ్చిన బాపురావు మనుషులు ఒక పక్క, మిషన్ కాంపౌండు మనుషులు ఒక పక్క. మధ్యలో ఎవరూ నిలబడలేదు.

వకీలు బాలనర్సయ్య హనోకును వేపచెట్టు కిందికి తీసుకెళ్లాడు. ఆయనా ఆ బడి విద్యార్థే. హనోకు దగ్గర లెక్కల్లో దెబ్బలు తిన్నవాడు.

"సార్, ఒక్క ప్రశ్నే అడుగుత. పుస్తకంల పుట్టిన తేదీ ఏమున్నది? చదువుండ్రి. దిగుండ్రి. అంతే."

"అవుతలి వకీలు అడిగితే?"

"అడగడు. మీ బడి ముద్ర మీద ఈ జిల్లల ఎవ్వలూ అడగరు." బాలనర్సయ్య గొంతు తగ్గించాడు. "సార్, మీ మొఖం నాకు మంచిగ కనిపిస్తలేదు. నేను ఎనిమిదో జమాత్‌ల సున్న మార్కులు తెచ్చుకున్న నాడు మీ మొఖం గిట్లనే ఉండె."

"నర్సయ్యా, నువ్వు మంచి వకీలువైనవు."

"అట్ల పొగడకుండ్రి సార్, నాకు భయమైతున్నది."

అప్పుడే గేటు వైపు నుంచి ఒక మనిషి వడివడిగా వచ్చింది. ముతక చీర, మోకాళ్ల దాకా దుమ్ము. చెరుకు ఆకు కోతలతో గీతలు పడిన చేతులు. లక్ష్మవ్వ. ముత్యం తల్లి.

"రావద్దని చెప్పిన గదా!" శారమ్మ ఎదురు నడిచింది.

"నాకు సంగతి జెప్పిండ్రు. బడి పుస్తకం తెస్తరట, అదాలత్‌ల ఉమర్ అడుగుతరట." లక్ష్మవ్వ ఆమెను దాటుకుని హనోకు ముందుకు వచ్చింది. "సారూ, మీతోని ఒక్క మాట చెప్పాలె."

"కోర్టు అయినంక."

"ముందుగాల చెప్పాలె సారూ. పిలగాని సంగతే. పదేండ్ల సంది కడుపుల పెట్టుకున్న."

హనోకు చెయ్యి అడ్డం పెట్టాడు. తల్లి. ఏం చెబుతుంది? నా కొడుకును కాపాడు అంటుంది. కాళ్లు పట్టుకుంటుంది. నిన్న రాత్రంతా మోకాళ్ల మీద ఉండి కూడగట్టుకున్న బలం అంతా ఆ చేతుల కింద కరిగిపోతుంది.

"వద్దు లక్ష్మవ్వా. నువ్వు చెప్తె వినాలె. వింటే నా కాళ్లు ఆగయి. వద్దు."

"అయ్యా, గట్ల గాదు..."

"నీకు దండం పెడ్త. ఇప్పుడేం చెప్పకు."

కోర్టు బంట్రోతు పేరు పిలిచాడు. హనోకు రిజిస్టరు చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. వెనక నుంచి లక్ష్మవ్వ "సారూ" అని ఇంకోసారి పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు.

లోపల ముత్యం బోనులో ఉన్నాడు. గడ్డం కింద చిన్న గాయం. ఒంటి మీద ఇంకా బడి జట్టు ఆకుపచ్చ బనియనే. హనోకును చూడగానే వాడి ముఖం వెలిగింది. 'బాపు' అని తను పిలిచే మనిషి వచ్చాడు, ఇక ఫరవాలేదు అన్న వెలుగు. హనోకు ఆ వెలుగును చూడలేక మేజిస్ట్రేటు వెనక గోడ గడియారం చూశాడు.

బైబిలు మీద చెయ్యి పెట్టాడు. ప్రమాణం చేశాడు.

బాలనర్సయ్య ఒక్క ప్రశ్నే అడిగాడు.

"పుస్తకంలో ఈ విద్యార్థి పుట్టిన తేదీ ఏమని ఉంది?"

"ఆరు నవంబరు, వెయ్యిన్నీ తొమ్మిది వందల నలభై తొమ్మిది."

"ధన్యవాదాలు సార్."

మేజిస్ట్రేటు అవతలి వకీలు వైపు చూశాడు. ఆయన సగం లేచి, "మిషన్ పాఠశాల రిజిస్టరు విషయంలో మేము అడిగేదేమీ లేదు," అని కూర్చున్నాడు.

అయిపోయింది. బంట్రోతు దిగమని సైగ చేశాడు. శారమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమె భుజాలు కిందికి దిగాయి.

హనోకు దిగలేదు.

ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆయన పోట్లాడేవాడేమో. తప్పించుకునేవాడేమో. ఎవరూ అడగలేదు. ఆయన మాట అంటే అంత నమ్మకం. మూడో వరుసలో బాపురావు చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు. తన వకీలు భుజం తట్టలేదు. ఆయన వకీలుకు ఇంకా చెప్పలేదు.

"ఏమైనా ఉందా, హెడ్‌మాస్టరు గారూ?" అడిగాడు మేజిస్ట్రేటు.

"ఉంది. ఇది పుట్టిన తేదీ కాదు."

బాలనర్సయ్య చేతిలో కలం జారిపడింది.

"ఇది బాప్తిస్మం తేదీ. మా బడిలో బోర్డింగు పిల్లలందరికీ ఇట్లాగే రాశాము. రాసింది నేను. ఈ పిల్లవాడి బాప్తిస్మం నాడు నేను అక్కడే ఉన్నాను. రెండున్నరేళ్ల పిల్లవాడు. నడిచి వచ్చాడు."

"అయితే ఇప్పుడు వయసెంత?"

హనోకుకు తన గొంతు ఎవరిదో గొంతులా వినిపించింది.

"పదిహేడు దాటి ఉంటాయి."

మేజిస్ట్రేటు తల వంచి రాసుకున్నాడు.  బోనులో ముత్యం ముఖం మీద వెలుగు అలాగే ఉంది. ఏం జరిగిందో వాడికి ఇంకా అందలేదు. అందేసరికి ఆ వెలుగు పోయే తీరు హనోకు పూర్తిగా చూశాడు. చూడాలనే చూశాడు.

"ఓ దేవుడా, సంపినవ్ గదయ్యా!" శారమ్మ కేక కాదు అది. లక్ష్మవ్వది.

ఆమె గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చింది. బంట్రోతు ఆపబోయాడు. "గా సారుకు తెల్వదు దొరా! గా సారు చెప్పింది నిజం గాదు! జర నా మాట ఇనుండ్రి, నేను కన్నతల్లిని!"

మేజిస్ట్రేటు చెయ్యెత్తి బంట్రోతును ఆగమన్నాడు. హనోకును దించి, ఆమెను సాక్షి బోనెక్కించారు.

"గా బాప్తిస్మం నాడు నడిచొచ్చింది పెద్దోడు," అంది లక్ష్మవ్వ. ఊపిరి అందడం లేదు. "ముత్యం వాడు. నా పెద్ద కొడుకు. బోన్ల నిలబడ్డ గీడు అప్పుడు ఇంక పుట్టనే లేదు దొరా. నా కడుపుల ఉన్నడు. మూడో నెల."

కోర్టు హాలంతా ఒక్కసారి కదిలింది.

"నాకు ఇద్దరు. గత్తరొచ్చిన ఎండకాలం ఇద్దరికీ వాంతులు. ఇంటాయిన అప్పటికే పోయిండు. పెద్దోడు పోయిండు. గీడు పదిహేను దినాలు తెలివి లేకుండ పడి బతికిండు. ఎట్ల సాకుదు? చెరుకు కొట్టే కూలి ఒక్కదానికే ఎల్లది. బోర్డింగుల చేరుస్తనంటే బాప్తిస్మం చిట్టీ ఉన్నోన్నే తీస్కుంటమన్నరు. జూను పదిహేను దాటితే జాగ లేదన్నరు. పాస్టరు గీడు పుట్టకముందే బదిలీ అయి పోయిండు, కొత్తాయన రాలే. నా చేతుల పెద్దోని చిట్టీ ఉండె. గా చిట్టీ పట్టుకొని చిన్నోన్ని తోల్కపోయిన. ముత్యం అని చెప్పిన. పోయింది చిన్నోడని చెప్పిన."

హనోకు చూపు రిజిస్టరులోని ఆ వరుస మీదికి వెళ్లింది. జూన్ 1955. ఎనిమిదేళ్ల పిల్లవాడని చెబితే ఐదేళ్లవాడిలా ఉన్నాడనుకున్నాడు. కూలివాళ్ల పిల్లలు అలాగే ఉంటారని అనుకున్నాడు. అనుకుని, సిరాలో కలం ముంచాడు.

అంటే వాడికి ఇప్పటికి ఇంకా పదిహేను నిండలేదు.

తాను నోరు మూసుకుని దిగి ఉంటే చాలు. అబద్ధమనుకున్నది నిజానికి దగ్గరగా నిలిచేది. బైబిలు మీద చెయ్యి పెట్టి, గుండె చీల్చుకుని, తను కోర్టుకు ఇచ్చింది చచ్చిపోయిన పిల్లవాడి వయసు.

వేపచెట్టు కింద ఆమె చెప్పబోయింది ఇదే. తను చెయ్యి అడ్డం పెట్టాడు.

అవతలి వకీలు ఈసారి పూర్తిగా లేచాడు. "యువరానర్, హెడ్‌మాస్టరు అంతటివారు ప్రమాణం మీద చెప్పిన తర్వాత, కొడుకును కాపాడుకోవడానికి ఈమె కథ అల్లుతోంది. ఇద్దరు కొడుకులున్నారనడానికి కాగితం ఉందా? చనిపోయినట్టు రాత ఉందా?"

"ఉందా అమ్మా?" అడిగాడు మేజిస్ట్రేటు. ఆయన గొంతులో కోపం లేదు.

"కూలోల్ల పిల్లలు పోతే ఎవ్వలు రాస్తరు దొరా? కాల్వ కట్టకు బొంద పెట్టినం."

"చూసినవాళ్లు?"

లక్ష్మవ్వ హాలంతా కలియజూసింది. ఆమె చూపు మూడో వరుసలో ఆగింది. చెయ్యి ఎత్తింది. 

"గా పటేలు."

బాపురావు తల ఎత్తాడు.

"పీనుగను మొయ్యనీకి ఎవ్వలు రాలే, గత్తరకు భయపడ్డరు. నేను పటేలు వాకిట్ల పడి బండి అడిగిన. అరుగు మీద కూసున్నడు. 'ఎవలే పోయింది, పెద్దోడా చిన్నోడా?' అని అడిగిండు. పెద్దోడు పటేలా అన్న. చెరుకు బండి ఇచ్చిండు. ఎడ్లను తనే కట్టిచ్చిండు. అడుగుండ్రి దొరా. ఎరుకనో లేదో అడుగుండ్రి."



మేజిస్ట్రేటు బాపురావు వైపు చూశాడు. ఆయన వకీలు వంగి చెవిలో ఏదో చెప్పబోయాడు. బాపురావు మోచేత్తో పక్కకు నెట్టాడు. చేతికర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.  ఆయన పక్కన, కుడికంటికి తెల్లని కట్టుతో కూర్చున్న దత్తుకు, తండ్రి ఎటు చూస్తున్నాడో తెలుసుకోవడానికి తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది.

హనోకు ఆయననే చూస్తున్నాడు. ఎవడో ఒకడు నిజం చెప్పాలన్న మనిషి. ఒక్క మాట. "ఎరుకే" అంటే చాలు.

బాపురావు కొడుకు ముఖం చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆ నిశ్శబ్దంలో చప్పుడు ఇంకో వైపు నుంచి వచ్చింది. ముత్యం రెండు చేతులతో బోను కొయ్యలు పట్టుకున్నాడు. వాడు మేజిస్ట్రేటును చూడడం లేదు. బాపురావును చూడడం లేదు. బాపు హనోకును గానీ, అమ్మ శారమ్మను గానీ చూడడం లేదు. దుమ్ముకొట్టుకున్న ముతక చీరలోని మనిషిని, మొదటిసారి కనబడినట్టు చూస్తున్నాడు.

"అవ్వా," అన్నాడు. "గట్లయితే నా పేరేంది?"

లక్ష్మవ్వ పెదవులు కదిలాయి.

వాడిని చిన్నోడనే పిలుస్తూ, పాస్టరు వచ్చినంక పేరు పెడదామనుకున్నారు. పాస్టరు రాలేదు.